ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మళ్లీ మిడ్‌ఫీల్డ్‌లో ఆడటం: నా అనుభవం

మోకాల్లో ఏసీఎల్ (తొడ ఎముకను, కింది కాలి ఎముకను లోపల కలిపి పట్టి ఉంచే లిగమెంట్, అంటే గట్టి నార) తెగినప్పటి నుంచి మళ్లీ పూర్తి మ్యాచ్ ఆడేదాకా నాకు ఏం జరిగిందో రాస్తున్నా. మన వరంగల్ దిక్కు ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడేదే తక్కువ. ఆడేవాళ్లలో మోకాలు దెబ్బతిన్నవాళ్లు ఎలాగోలా ఆపరేషన్ దాకా వస్తారు, ఆ తర్వాత ఏం చేయాలో చెప్పేవాళ్లు లేక ఆటే వదిలేస్తారు. నాతో జిల్లా టీమ్‌లో ఆడినవాళ్లలో అలా ఆగిపోయినవాళ్లు ఉన్నారు. ఒకమ్మాయి అయితే నాకన్నా మంచి ప్లేయర్, ఇప్పుడు హన్మకొండలో బట్టల షాపులో పనిచేస్తోంది, ఎప్పుడు కనిపించినా మ్యాచ్‌ల గురించే అడుగుతుంది. ఆపరేషన్‌తో అయ్యేది కొంతే, అసలు పని ఆ తర్వాతి తొమ్మిది పది నెలల్లో ఉంటుందని తనకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మాది కాజీపేట. బాపు లోకో షెడ్‌లో ఫిట్టర్, డ్యూటీ దిగాక రైల్వే గ్రౌండ్‌లో ఆడేవాడు, నేను ఆయన వెంట పోయి ఆడటం నేర్చుకున్నా. సెంట్రల్ మిడ్‌ఫీల్డర్‌ని. డిఫెన్స్ ముందు ఉండి, వెనక నుంచి వచ్చే బాల్ తీసుకొని, తిరిగి, ముందున్నవాళ్లకు ఇవ్వడం నా పని. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌కి ఆడినప్పుడే మా ఇంట్లో మొదటిసారి ఇది కూడా ఒక ఉద్యోగమే అన్న మాట వచ్చింది. ఆ తర్వాత నేనూ వేరే రాష్ట్రంలో ఒక క్లబ్‌కి కాంట్రాక్ట్ మీద ఆడటానికి పోయా, జీతం పెద్దదేం కాదు కానీ నెలనెలా అమ్మ చేతికి పంపగలిగేదాన్ని.

మోకాలు పోయింది అక్కడే, ప్రాక్టీస్ మ్యాచ్‌లో. ఎవరూ తగల్లేదు. బాల్ నా వైపు వస్తోంది, ఎడమ పక్క నుంచి ఒకమ్మాయి బాల్ లాక్కోవడానికి మీదికొస్తోందని చూసుకున్నా, కుడికాలు ఆనించి కుడివైపుకు తిరగబోయా. పాదం గడ్డిలో అలాగే ఉండిపోయింది, ఒళ్లు తిరిగింది, మోకాలు లోపలికి వాలింది. లోపల టప్‌మని చప్పుడు. కాసేపటికి నొప్పి తగ్గింది, లేచి నడిచా కూడా. సాయంత్రానికి మోకాలిచిప్ప కనిపించనంత వాపు. ఏసీఎల్ గాయాల్లో చాలావరకు ఇలాగే అవుతాయి, ఎవరూ గుద్దకుండా, తిరిగేటప్పుడో, ఉరికి ఆగేటప్పుడో, ఎగిరి దిగేటప్పుడో. ఒకే ఆట ఆడే అబ్బాయిలకన్నా అమ్మాయిల్లో రెండు మూడు రెట్లు ఎక్కువ. కాబట్టి టప్‌మని వినపడి, కొన్ని గంటల్లోనే వాచిందంటే నడవగలుగుతున్నా కదా అని ఊరుకోవద్దు. ఎక్స్‌రే బాగుంది అన్నా ఊరుకోవద్దు, ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది కానీ లిగమెంట్ కనిపించదు.

ఇంటికి రాగానే మేనత్త పసరు కట్టు కట్టిద్దామని పట్టుబట్టింది. ఆమెది ప్రేమే, తప్పుపట్టను. బాపు మాత్రం ఒప్పుకోలేదు. "ఎముక ఇరిగితే కట్టు గడ్తరక్కా, ఇది లోపల తెగిందంటున్నరు, కట్టుతోని ఎట్ల అతుకుతది" అన్నాడు. హైదరాబాద్‌లో చూపించాం. డాక్టర్ ఒక చేత్తో తొడ పట్టుకొని ఇంకో చేత్తో పిక్కను ముందుకు లాగి చూశారు. ఎడమకాలికి టక్కున ఆగింది. కుడికాలికి ఆగలేదు, జారుతూ ముందుకొచ్చింది. ఎమ్మారై తీయకముందే నాకు అర్థమైపోయింది, బాపు మొహం చూడలేకపోయా.

వెంటనే కోయలేదు. వాపు దిగాలి, కాలు పూర్తిగా చాపగలగాలి, తొడ కండరం పనిచేస్తుండాలి, అప్పుడే ఆపరేషన్ అన్నారు. బిగుసుకుపోయిన మోకాలికి తొందరపడి చేస్తే తర్వాత కాలు చాపడం కష్టమవుతుందట. ఆ గ్యాప్‌లో డాక్టర్‌ని అన్నీ అడగండి, నేను అడిగా. తెగిన లిగమెంట్‌ని మామూలుగా కుట్టి వదిలేయరు, మన ఒంట్లోంచే ఇంకో చోటి టెండన్ (కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే నార) ముక్క తీసి ఆ జాగాలో పెడతారు, దాన్నే గ్రాఫ్ట్ అంటారు. తొడ వెనక కండరం హ్యామ్‌స్ట్రింగ్ నుంచి తీయొచ్చు, మోకాలిచిప్ప కింది టెండన్ నుంచి తీయొచ్చు, చిప్ప పైన, తొడ ముందు కండరం క్వాడ్రిసెప్స్ నుంచీ తీయొచ్చు. ఎక్కడి నుంచి తీస్తే అక్కడ కొంతకాలం బలం తగ్గుతుంది. నాకు హ్యామ్‌స్ట్రింగ్ నుంచి తీశారు, ఉరుకుతూ ఆగాలంటే ఆ కండరమే కావాలి, అందుకే దాని మీద తర్వాత చాలా పని చేయాల్సి వచ్చింది.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పాలి. ప్రైవేట్‌లో లక్షల్లో అవుతుంది, ఫిజియోథెరపీ ఖర్చు వేరే. మా క్లబ్ ఆపరేషన్‌కి కొంత ఇచ్చింది, తర్వాత కాంట్రాక్ట్ గడువు అయిపోయిందని చేతులు దులుపుకుంది. సంతకం పెట్టేముందు గాయమైతే చికిత్స ఖర్చు ఎవరిది, కోలుకునేదాకా జీతం వస్తుందా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి. జీతం ఎంత అన్నదానికన్నా ఆ రెండు లైన్లే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

ఇక ఇంటికొచ్చాక మొదటి ఎక్సర్‌సైజ్ వినడానికి చాలా చిన్నది. మోకాలి వెనక మడతపెట్టిన టవల్ ఉంచి, తొడ ముందు కండరాన్ని బిగించి, టవల్‌ని కిందికి నొక్కాలి. అంతే. నేను బిగిస్తున్నాననే అనుకుంటున్నా, కండరం మాత్రం చలనం లేకుండా పడి ఉంది. మోకాల్లో వాపు ఉంటే ఒళ్లే ఆ కండరాన్ని ఆపేస్తుందని ఫిజియో మేడం ముందే చెప్పారు, కానీ తెలిసి ఉండటం వేరు, మన కాలు మన మాట వినకపోవడం వేరు. మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో పది కిలోమీటర్లకు పైనే ఉరుకుతుంది, ఆ కాలు ఇప్పుడు టవల్‌ని నొక్కలేకపోతోంది. ఏడ్చేశా. అమ్మ పక్కన కూర్చొని తొడ మీద అరచెయ్యి పెట్టి, చిప్పకు కాస్త పైన లోపలి వైపు వేళ్లతో తడుతూ "ఈడ, ఈడ బిగియ్యి బిడ్డా" అనేది. అలా రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె చేతి కింద కండరం కొంచెం లేచింది, నాకంటే ముందు అమ్మకే తెలిసింది. "కదిలిందే!" అని వంటింట్లో ఉన్న అత్తకు వినపడేలా అరిచింది.

ఇంకోటి, వచ్చినవాళ్లంతా కాలు ఎంత వంగుతోంది అనే అడుగుతారు. మొదట్లో వంగడం కన్నా పూర్తిగా చాపడం ముఖ్యం, చాపలేకపోతే నడకలో కుంటు మిగిలిపోతుంది. సుఖంగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకొని పడుకోవద్దు, పెట్టాలంటే మడమ కింద పెట్టాలి. వంచడానికి షాబాద్ బండల మీద పౌడర్ చల్లి, సాక్స్ వేసుకొని మడమను వెనక్కి జరిపేదాన్ని. మా క్వార్టర్‌లో ఉన్నది కింద కూర్చునే బాత్రూమ్, అందుకే బాపు కమోడ్ కుర్చీ కొనుక్కొచ్చాడు. ఆపరేషన్‌కి ముందే అది తెచ్చిపెట్టుకోండి. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్ట దగ్గర నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు.

రెండో నెల దాటాక నడక మామూలైంది. ప్రమాదమంతా ఇక్కడే. నొప్పి లేదు, వాపు లేదు, మనసు ఉరుకుతానంటుంది. కానీ కొత్తగా పెట్టిన టెండన్ లోపల రక్తం అందుకొని లిగమెంట్‌లా మారడానికి నెలలు పడుతుంది, ఆ మారే క్రమంలో మొదటి రెండు మూడు నెలల్లో అది ఇంకా బలహీనపడుతుంది. మోకాలు బాగుందనిపించే రోజుల్లోనే గ్రాఫ్ట్ నాజూగ్గా ఉంటుందన్నమాట. సైకిల్, గోడకు ఆని కూర్చోవడం, ఒంటికాలి మీద నిలబడటం, మెట్లు దిగడం, మళ్లీ సైకిల్. చెప్పడానికి ఏమీ లేని నెలలు అవి. నాలుగో నెలలో హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్‌ఎస్)లో ట్రాక్ మీద మెల్లగా ఉరకనిచ్చారు, 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన స్టేడియం అది. అదీ నేరుగానే, మలుపు వచ్చిన చోట నడవాలి.

ఆరో నెలలో ట్రయల్స్‌కి పిలుపు వచ్చింది. మంచి జట్టు. నన్ను ఉరుకుతుంటే చూసిన సీనియర్ సార్ ఒకరు "బాగనే ఉరుకుతున్నవ్ గదా, ఇంకేంది" అన్నారు. తమ్ముడు స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ జావి సంగతి తెచ్చాడు. 2005 డిసెంబర్‌లో ప్రాక్టీస్‌లో ఏసీఎల్ తెగితే 2006 వరల్డ్ కప్ ఆడాడు కదా అని. నిజమే, పైగా అతను గెలిచిన యూరో (యూరప్ దేశాల కప్పు) 2008, 2010 వరల్డ్ కప్, యూరో 2012 అన్నీ ఆ మోకాలితోనే. రాత్రంతా నేనూ అదే ఆలోచించా. మర్నాడు మేడం దగ్గరికి పోతే ఆమె వద్దనలేదు, లెక్క చెప్పారు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లను రెండేళ్లు గమనించారు. తొమ్మిది నెలల దాకా ఆటను ఆలస్యం చేసిన ఒక్కో నెలకు మళ్లీ మోకాలు దెబ్బతినే అవకాశం దాదాపు సగానికి తగ్గింది. బలం, గెంతుడు పరీక్షలన్నీ పాసై దిగినవాళ్లలో 5.6 శాతం మందికి మళ్లీ గాయమైతే, పాస్ కాకుండా దిగినవాళ్లలో 38.2 శాతం మందికి అయ్యింది. "నువ్వు ఏ గుంపులో ఉంటవో నువ్వే చెప్పు" అన్నారు.

ట్రయల్స్‌కి పోలేదు. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. ఇప్పటికీ అది నేను తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా మంచిదని అనుకుంటా. అప్పుడు నాకు ధైర్యం ఇచ్చింది స్పెయిన్ ప్లేయర్ అలెక్సియా పుతెయాస్. ఆమెదీ మిడ్‌ఫీల్డే, 2022 జూలైలో యూరో మొదలయ్యే ముందు ఏసీఎల్ తెగింది, 2023 ఏప్రిల్ చివరిదాకా దిగలేదు, అదే ఏడు స్పెయిన్ జట్టులో ఉండి వరల్డ్ కప్ గెలిచింది. ఏడాదిలో ప్రపంచంలోనే మేటి ఫుట్‌బాల్ ప్లేయర్‌కి ఇచ్చే బాలన్ డి'ఓర్ అవార్డు రెండోసారి కూడా ఆ కోలుకునే నెలల్లోనే అందుకుంది. మాంచెస్టర్ సిటీ రోడ్రికీ అంతే, 2024 సెప్టెంబర్‌లో ఏసీఎల్ తెగింది, అక్టోబర్‌లో బాలన్ డి'ఓర్ తీసుకున్నాడు, మళ్లీ గ్రౌండ్‌లో దిగింది 2025 మేలో. చేతిలో అంత పెద్ద డాక్టర్లు ఉన్నవాళ్లే అన్ని నెలలు ఆగారు.

పరీక్షలంటే పెద్ద మిషన్లు ఉండాల్సిన పని లేదు, టేపు ఉంటే చాలావరకు కొలవొచ్చు. ఒంటికాలితో ఒక గెంతు, వరుసగా మూడు గెంతులు, గీతకు అటూ ఇటూ దాటుతూ మూడు గెంతులు, ఒంటికాలితో ఆరు మీటర్లు ఎంత టైంలో. దెబ్బతిన్న కాలు మంచి కాలితో పోలిస్తే కనీసం 90 శాతం రావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది: నెలల తరబడి ఆడకపోతే మంచి కాలు కూడా బలం తగ్గుతుంది, దానితో పోల్చి పాసయ్యామంటే సరిపోదు. అందుకే మేడం ఆపరేషన్‌కి ముందు తీసిన ఎడమకాలి కొలతలు దాచి ఉంచి వాటితో పోల్చారు. ఏసీఎల్-ఆర్ఎస్ఐ అని 12 ప్రశ్నల ఫారం కూడా నింపించారు, మనసులో భయం ఎంత ఉందో తెలుసుకోవడానికి. గెంతుల్లో పాసయ్యా. ఆ ఫారంలో మాత్రం మార్కులు చాలా తక్కువ వచ్చాయి.

అది నిజమేనని గ్రౌండ్‌లో తెలిసింది. వింగ్‌లో, అంటే గ్రౌండ్ అంచున ఆడేవాళ్లకు గీత ఒక పక్క కాపలా ఉంటుంది, మిడ్‌ఫీల్డర్‌కి నాలుగు దిక్కులా మనుషులే. బాల్ రాకముందే భుజం మీదుగా వెనక్కి ఒకసారి, ఇంకోసారి చూసుకోవాలి, ఎవరు ఎటు నుంచి వస్తున్నారో తలలో ఉండాలి, అప్పుడే మొదటి టచ్‌తోనే తిరగగలం. నేను వెనక్కి చూడటం మానేశానని మొదటి వారం వీడియో చూస్తే తెలిసింది. బాల్ వచ్చేటప్పుడు నా కళ్లు బాల్ మీద కాదు, కుడికాలు ఎక్కడ పడుతోందా అని కిందికి ఉన్నాయి. వచ్చిన ప్రతి బాల్ వెనక్కే ఇచ్చేస్తున్నా. మోకాలు నూటికి తొంభై వచ్చింది, నా ఆట రాలేదు.

దీనికి మేడం, కోచ్ సార్ కలిసి ఒక పద్ధతి పెట్టారు. తమ్ముడు నా వెనక నిలబడి ఎర్ర కోనో పసుపు కోనో ఎత్తి పట్టుకుంటాడు, బాపు ముందు నుంచి బాల్ ఇస్తాడు. బాల్ నా కాలికి తాకకముందే రంగు పైకి చెప్పాలి. ఎరుపైతే ఎడమకు తిరగాలి, పసుపైతే కుడికి. మొదట నడుస్తూ, తర్వాత మెల్లగా ఉరుకుతూ, తర్వాత తమ్ముడే వెనక నుంచి మీదికొస్తూ. రంగు చూడాలన్న ధ్యాసలో పాదం సంగతి మర్చిపోవాలి, దాని ఉద్దేశం అదే. రైల్వే గ్రౌండ్ మట్టి గట్టిది, అక్కడ పొడుగు స్టడ్స్ (బూటు కింది ముళ్లు) ఉన్న బూట్లు వేసుకోలేదు, పొట్టి రబ్బరువే. చాలా రోజులు కుడికి తిరిగేటప్పుడు అర అడుగు ఎక్కువ వేసేదాన్ని, బాపు చూసి కూడా ఏమనేవాడు కాదు, ఇంకో బాల్ ఇచ్చేవాడు. ఒకరోజు సాయంత్రం వరుసగా పసుపే వస్తోంది, నేను తిరుగుతున్నా, ఇస్తున్నా, మళ్లీ అడుగుతున్నా. ఆపాక తమ్ముడు చెప్పాడు, "అక్కా, అన్నీ కుడికే తిరిగినవ్, చూస్కున్నవా?" అని. చూసుకోలేదు.

మొదట ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఇరవై నిమిషాలు, తర్వాత సగం, ఆ తర్వాత పూర్తి మ్యాచ్. ఏడాది నిండాక వేరే క్లబ్‌లో చేరా, ఈసారి కాంట్రాక్ట్‌లో గాయం గురించి పేరా ఉంది. చలికాలం పొద్దున మోకాలు ఇంకా బిగుస్తుంది, వార్మప్ ఎక్కువ చేయాలి. హ్యామ్‌స్ట్రింగ్ కోసం మోకాళ్ల మీద నిలబడి మెల్లగా ముందుకు వాలే నార్డిక్ ఎక్సర్‌సైజ్ ఇప్పటికీ మానలేదు. సెలవుల్లో కాజీపేట వచ్చినప్పుడు పిల్లలతో ఫిఫా 11 ప్లస్ చేయిస్తున్నా. ఇరవై నిమిషాల వార్మప్ అది, పెద్ద సామానేం అక్కర్లేదు, మోకాలు లోపలికి వాలకుండా దిగడం, ఆగడం, తిరగడం నేర్పుతుంది. గాయాలు బాగా తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. మన దగ్గర పీఈటీ సార్లు, మేడమ్‌లు గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు ఉరికించి వదిలేసే బదులు ఇది పెడితే చాలామంది ఆడపిల్లల మోకాళ్లు బాగుంటాయి.

ఆపరేషన్ అయ్యి ఇంట్లో కూర్చున్న అమ్మాయిలు ఎవరైనా ఉంటే, సెలవుల్లో పొద్దున ఆరు నుంచి జేఎన్‌ఎస్‌లోనే ఉంటా. రిపోర్టులు, ఆపరేషన్ తేదీ పట్టుకొని రండి, టేపు నా దగ్గర ఉంది, మీ డాక్టర్ గెంతొచ్చు అని ఉంటే కొలిచి చూద్దాం.