వోచరు లేని పద్దు

మా పాపకు నలభై రోజులు నిండిన నాడు, గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మవాళ్ల ఇంట్లో పొత్తిగుడ్డలు మడతపెడుతూ ఏడుపు మొదలుపెట్టాను. ఎంతకీ ఆగలేదు. అమ్మ దిష్టి తీసింది. అత్తయ్యగారు ఫోనులో "పచ్చి బాలింతరాలివి, ఏడిస్తే కళ్లు పోతాయమ్మా" అన్నారు. మా వారు ఐస్‌క్రీము తెచ్చారు. బాలింత చల్లనివి తినకూడదని అమ్మ అదీ లాక్కుంది.

నిజానికి ఏడో నెలలోనే తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసేది. పరీక్షలకు వెళ్లినప్పుడల్లా రక్తం, షుగరు, బీపీ చూశారు కానీ నిద్ర పడుతోందా అని ఎవరూ అడగలేదు. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే కన్నీళ్లు రావడం చాలామందికి ఉంటుందట, దానంతటదే తగ్గుతుందట. నాది ఆరో వారానికీ తగ్గలేదు.

కొత్తపేటలో కౌన్సెలర్ దగ్గరికి వెళితే ముందు ఒక కాగితం ఇచ్చారు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ను పసిగట్టడానికి 1987లో స్కాట్‌లాండ్‌లోని ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి. ముప్పైకి నాకు పదిహేడు వచ్చాయి. ఈ లెక్కలో ఎక్కువ రావడం మంచిది కాదు. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. "ఎప్పుడో అరుదుగా" దగ్గర గీటు పెట్టాను. ఆమె అక్కడే ఆగి, ఎలాంటి ఆలోచన, ఎప్పుడు వచ్చింది, ఇంట్లో ఎవరికి తెలుసు అని సూటిగా అడిగారు. అంతవరకు ఎవరితోనూ అననిది రెండు వాక్యాల్లో చెప్పేశాను. ఆ రోజే మా వారిని పిలిపించి మాట్లాడి, సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. పాలిస్తూ వాడదగిన మందులు ఉన్నాయనీ, ముందు కౌన్సెలింగ్‌తో చూసి అవసరమైతే మొదలుపెడదామనీ ఆ డాక్టరుగారు అన్నారు.

కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెబుతారనుకున్నాను. ఆమె నోటుపుస్తకం కొనుక్కోమన్నారు. సాయంత్రం పాపను అమ్మకిచ్చి పావుగంట మేడ మీద తిరగాలి. వెళ్లేముందు మనసు ఎలా ఉందో పదికి ఒక మార్కు, దిగాక ఒక మార్కు. "బుద్ధి పుట్టినప్పుడు వెళతానంటే పుట్టదమ్మా, వెళితే పుడుతుంది" అన్నారు. మొదటి రోజు రెండు, రెండు. నాలుగో రోజు రెండు, మూడు.

ఆడిటరుగారి ఆఫీసులో పద్దులు చూసే మనిషిని. తర్వాత ఇచ్చిన పని నాకు బాగా పట్టుబడింది. "నేను పనికిరాని తల్లిని, నా పాలు చాలడం లేదు" అని రాసి, ఎదురుగా ఆధారం రాయాలి. టీకాల కార్డు తీసి చూశాను. పుట్టినప్పుడు 2.8 కిలోలు, రెండో నెలకు 4.5. వోచరు లేని పద్దును రోజూ ఖాతాలో ఎక్కిస్తున్నాను!

అన్నీ అలా కొట్టేయదగినవి కావు. "అమ్మ నా బిడ్డను నాకు ఇవ్వడం లేదు" అన్నదానికి ఆధారం దొరికింది, నాలుగు రాత్రులుగా తన గదిలోనే పడుకోబెట్టుకుంటోంది. కౌన్సెలింగ్ ఐదో వారం అమ్మను కూడా రమ్మన్నారు. "నువ్వు నిద్రపోతావని తీసుకెళ్లానే, నీకు చేతకాదని కాదు" అంది అమ్మ. బయటికి వచ్చాక ఆటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ రాత్రి రెండింటి వరకు పాప నా దగ్గర, తర్వాత అమ్మ దగ్గర అని వంతులు వేసుకున్నాం.

ఇలాంటి చికిత్సనే పాకిస్తాన్‌లోని రావల్పిండి దగ్గర పల్లెల్లో, మనస్తత్వశాస్త్రం చదవని ఆరోగ్య కార్యకర్తలకు నేర్పించి ఇప్పించారని తర్వాత చదివాను. 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఈ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందికి, అందనివారిలో 53 శాతం మందికి డిప్రెషన్ ఉంది. గోవాలో మామూలు గృహిణులకే శిక్షణ ఇచ్చి చూశారు. మా వీధికి టీకాల సంగతి అడగడానికి వచ్చే అమ్మాయి చాలా ఓపికమంతురాలు. ఆమెకు ఆ పది ప్రశ్నలు ఇస్తే ఎంత బాగుండును! అంతవరకు 14416 ఉంది, టెలీ మానస్, మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం పెట్టిన ఫోను నంబరు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నాకు అప్పుడు ఆ నంబరు తెలియదు.

పన్నెండు వారాలు వెళ్లాను. చివరిసారి ఆ పది ప్రశ్నల కాగితంలో మార్కులు ఆరు. మందులు అక్కర్లేకపోయింది, అది నా గొప్ప కాదు, కౌన్సెలర్ దగ్గర నా పక్క కుర్చీలో కూర్చునే ఆమెకు మందులు, కౌన్సెలింగ్ రెండూ కావలసి వచ్చాయి.

నోటుపుస్తకంలో మిగిలిన పేజీల్లో ఇప్పుడు పాలవాడి లెక్క రాస్తున్నాను. రోజుకు లీటరు, ఈ నెల రెండు నాగాలు.