ఆదివారం రాత్రి ఎనిమిది దాటితే

“పేజీలకు పేజీలు రాసుకున్నావు. నాతో చెప్పింది ఒక్క ముక్క. అది కూడా నిజం కాదు.”

నేను డిజైన్ చేసిన స్క్రీన్‌తో ఒక రేడియో పోటీలో కూర్చున్నాక, హెడ్‌ఫోన్స్ మెడలోకి దింపుకుంటూ మా రేడియో క్లబ్బు పెద్దాయన అన్న మాట ఇది. నేను చెప్పిన ఆ ఒక్క ముక్క, “చాలా బాగా చేశారు సర్” అని. ఆయనకి డెబ్భై దాటాయి. ఇల్లు ఆయనది, బేస్‌మెంట్ ఆయనది, గోడవారగా పేర్చిన రేడియోలు ఆయనవి, నా చేతిలో ఉన్న కాఫీ ఆయన భార్య కలిపి ఇచ్చింది. ఇంకేమంటాను? పక్కన మా ఆఫీసు ఇంజినీరు కూడా ఉన్నాడు. అతని ముందే అనేశారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మేముండేది ఒహాయోలో, డేటన్ పక్కన. పగలు నా ఉద్యోగం గోడౌన్లలో వాడే స్కానర్లకి స్క్రీన్లు డిజైన్ చెయ్యడం. ఈ రేడియో పిచ్చి అంటించింది ఆ ఇంజినీరే. ఊరు కూడా అలాంటిదే లెండి. ప్రపంచం నలుమూలల నుంచీ హ్యామ్ రేడియో వాళ్లు, అంటే సరదా కోసం సొంత రేడియోలతో దూరాల వాళ్లతో మాట్లాడేవాళ్లు, ఏటా మే నెలలో వచ్చి వాలే హ్యామ్‌వెన్షన్ ఇక్కడిదే, 2017 నుంచి పక్కనున్న జీనియాలో జరుగుతోంది. పరీక్ష రాసి నేనూ లైసెన్సు తెచ్చుకున్నాను. 35 ప్రశ్నలు, 26 కరెక్టయితే చాలు, పౌరసత్వం అడగరు. ఈ దేశంలో ఏళ్ల తరబడి క్యూలో నిలబడకుండా నాకు దొరికిన కాగితం అదొక్కటే.

నాది హైదరాబాద్ అనగానే పెద్దాయన మొదట అడిగింది బిర్యానీ గురించి కాదు, ఎన్ఐఏఆర్ గురించి. 1983లో మన దగ్గర మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ అది. 2004 డిసెంబరులో ఆ సంస్థ బృందం అండమాన్ నుంచి ప్రసారాలు చేసింది. 1987 తర్వాత ఆ దీవుల నుంచి హ్యామ్ గొంతు వినపడటం అదే మొదటిసారి. సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో రేడియో ముందున్నది ఆ బృందంలోని భారతి ప్రసాద్. ఈ సంగతులన్నీ ఆయన నాకు చెబుతుంటే, ఆ సంస్థ ఉన్న సోమాజిగూడ మీదుగా రోజూ కాలేజీకి వెళ్లిన నేను “అవునా” అంటూ విన్నాను.

ఇక కాంటెస్ట్, అంటే ఈ రేడియో పోటీల సంగతి. అక్టోబరు చివరి వారాంతంలో జరిగే సీక్యూ వరల్డ్‌వైడ్ పోటీ 48 గంటలు సాగుతుంది. మా ఒహాయో టైము ప్రకారం శుక్రవారం రాత్రి ఎనిమిదికి మొదలై ఆదివారం రాత్రి ఎనిమిదికి ఆగిపోతుంది. వీలైనంతమందితో మాట్లాడాలి. మాట్లాడటమంటే కబుర్లు కాదు: అవతలివాళ్ల కాల్‌సైన్ (అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు పేరు), సిగ్నల్ రిపోర్టు (ఎంత బాగా వినపడుతున్నారో చెప్పే అంకెలు), జోన్ నంబరు, అంతే. ప్రపంచాన్ని 40 జోన్లు చేశారు. ఇండియా 22, ఒహాయో 4. ఒక్కో బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల పట్టీ) మీద కొత్త జోనో కొత్త దేశమో తగిలితే స్కోరు గుణింతంలో పెరుగుతుంది. ఊపు మీదున్నవాళ్లు నిమిషానికి మూడు కాంటాక్టులు రాసేస్తారు. ఇంత కష్టానికీ డబ్బు రూపంలో దక్కేది సున్నా. ఒక సర్టిఫికెట్, మహా అయితే గోడకి తగిలించుకునే ఫలకం.

ఇవన్నీ నమోదు చెయ్యడానికి ఎన్‌వన్‌ఎంఎం లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాలంటీర్లు రాసి ఉచితంగా పెట్టినవి, గట్టివి. అలవాటైనవాడి చేతిలో అద్భుతంగా నడుస్తాయి. కానీ క్లబ్బుకి కొత్తగా వచ్చిన పిల్లలకి ఆ కిటికీలూ రంగులూ ఫంక్షన్ కీలూ చూడగానే టెన్షన్. చూపు మందగించిన పెద్దవాళ్లదీ అదే గోల. వీళ్లిద్దరికీ పనికొచ్చేలా ఒక్క లైను, పెద్ద అక్షరాలు, నాలుగే కీలతో స్క్రీన్ చేసిపెట్టమన్నారు. ఒక చిన్న వారాంతపు పోటీలో పెద్దాయన దాన్ని వాడుతుంటే, నేను వెనక కుర్చీలో కూర్చుని రాసుకున్న పేజీలే అవి.

“చదువు,” అన్నారు. చదివాను. పాత అలవాటు కొద్దీ మీరు ఎంటర్ రెండుసార్లు కొడుతున్నారు. రేడియో మీద ఫ్రీక్వెన్సీ చూడటానికి ప్రతిసారీ మెడ తిప్పుతున్నారు. కొత్త దేశానికి పెట్టిన ఎరుపు, అంతకంటే విలువైనదానికి పెట్టిన ఆకుపచ్చ మీకు ఒకేలా కనపడుతున్నట్టున్నాయి. (ఇక్కడి తెల్లజాతి మగవాళ్లలో దాదాపు నూటికి ఎనిమిది మందికి ఆ ఇబ్బంది ఉంటుంది. ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పినట్టు లేదు.) చివరికి ఆ లైను వచ్చింది: అవతలివాడు “మైక్” అన్నాడు, రేడియో భాషలో ఎం అని. మీ వేలు ఎం పక్కనున్న ఎన్ మీద పడింది, అలాగే లాగ్‌లోకి, అంటే కాంటాక్టుల చిట్టాలోకి వెళ్లిపోయింది.

“అది చూశావా? చూసి ఊరుకున్నావా?”

వాడేవాళ్లని పరీక్షించేటప్పుడు మధ్యలో నోరెత్తకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠమని చెప్పాను. పైగా సింగిల్ ఆపరేటర్ విభాగంలో పక్కనున్నవాళ్లు అందించకూడదు కదా అన్నాను. “నేను ఈ లాగ్ పోటీకి పంపడం లేదు. నీ స్క్రీన్ కోసం కూర్చున్నాను,” అన్నారు. అక్కడికి నా వాదన అయిపోయింది. అసలు సంగతేమిటంటే, ఆ నియమం లేకపోయినా నేను నోరెత్తేదాన్ని కాదు. ఆయన స్థానంలో మా పెదనాన్న ఉన్నా అంతే. నలుగురిలో తప్పు ఎత్తి చూపుతామా? తర్వాత, వంటింట్లో పెద్దమ్మ చెవిన వేస్తాం. ఆవిడ వీలు చూసుకుని, అన్నం తిన్నాక, తనకే తోచినట్టు చెబుతుంది. చెప్పకపోవడం కాదిది. ఎప్పుడు, ఎవరి నోట చెప్పించాలో చూసుకోవడం.

పెద్దాయన గొడవంతా ఆ “తర్వాత” మీదే. ఇది ఆయన కోపంగా చెప్పలేదు, పాఠం చెప్పినట్టు చెప్పారు. అక్టోబరు పోటీ అయిపోయాక రికార్డింగులు వినో, డేటాబేసులు వెతికో కాల్‌సైన్లు సరిదిద్దకూడదని రూలు. ఆదివారం రాత్రి ఎనిమిదికి లాగ్‌లో ఏముందో అదే పంపాలి, అయిదు రోజుల్లోపు. అందరి లాగ్‌లనూ కంప్యూటర్లో ఒకదానితో ఒకటి పోల్చి చూస్తారు. అక్షరం తప్పితే ఆ కాంటాక్టు పోవడమే కాదు, పైన ఇంకొన్ని పాయింట్లు కోస్తారు. “ఎనిమిది దాటాక నువ్వెంత మర్యాదగా చెప్పినా నాకు పనికిరాదు. అప్పుడు దిద్దితే అది దొంగతనం,” అన్నారు.

నన్ను ఆశ్చర్యపరిచింది రూలు కంటే ఆ చివరి మాట. ఆ బేస్‌మెంట్లో ఎవరున్నారు కనక? ఎన్ ఉన్నచోట ఎం అని మారిస్తే అడిగేవాడెవడు? వచ్చేది ఒక కాగితం ముక్క. దానికోసం చేసిన తప్పుని తప్పుగానే పంపిస్తారు. సిగ్నల్ దగ్గర పోలీసు ఉన్నాడో లేడో చూసుకుని బండి నడిపే ఊరి నుంచి వచ్చినదాన్ని, నాకిది మింగుడు పడటానికి టైం పట్టింది. అక్కడితో మెచ్చుకుని ఊరుకుంటే బాగుండేది. కానీ “అది కూడా నిజం కాదు” అన్న మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది. కారులో, అంట్లు తోముతూ, మా ఆయన వింటున్నాడో లేదో చూడకుండా అదే వాదించాను. మేం అబద్ధాలవాళ్లమా?

జవాబు అక్టోబరులో దొరికింది. శనివారం ఉదయం 20 మీటర్ల బ్యాండ్ మీద ఒక వీయూ2, అంటే ఇండియా కాల్‌సైన్ ఉన్నవాడు వచ్చాడు. ఒహాయో నుంచి మన దేశానికి దగ్గర దారి ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది. అటునుంచి వచ్చే సిగ్నల్ వణుకుతూ వస్తుంది. హోరులో మునిగి తేలుతూ “ట్వెంటీ టూ, ట్వెంటీ టూ” అన్న ఆ గొంతులో మన యాస తెలుస్తోంది. అక్కడ సాయంత్రం అయి ఉంటుంది, వీధిలో ఏ కూరగాయల బండో వెళుతుంటుంది అనుకున్నాను. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. పెద్దాయన కళ్లు మూసుకుని, కాల్‌సైన్ మళ్లీ మళ్లీ చెప్పించుకుని, ఒక్కో అక్షరం ఏరుకుని, చివరికి గట్టిగా పలికారు: “యూ ఆర్ ఫైవ్ నైన్!”

ఫైవ్ నైన్ అంటే స్పష్టంగా, బలంగా వినపడుతున్నావని.

“సర్, అది ఫైవ్ నైనా?” అన్నాను.

నావైపు తిరిగి చూశారు. పెద్దగా నవ్వారు. కాంటెస్టులో అందరూ అందరికీ ఫైవ్ నైనే ఇస్తారు. సగం వినపడినా అదే, అసలు వినపడక నాలుగుసార్లు అడిగినా అదే. సాఫ్ట్‌వేర్ ఆ గడిని ముందే నింపి పెడుతుంది. నేనైతే కొత్తవాళ్ల స్క్రీన్‌లో దాన్ని కనపడకుండా దాచేశాను, ఎలాగూ ఎవరూ ముట్టుకోరని. “అది కొలత కాదని అందరికీ తెలుసు. ఎవరూ మోసపోవడం లేదు,” అన్నారు. నేను అన్న “చాలా బాగా చేశారు” కూడా కొలత కాదని మా వాళ్లందరికీ తెలుసు సర్, అన్నాను. దానికాయన ఒప్పుకోలేదు. “నేను మీవాణ్ని కాదు కదా, నాకెలా తెలుస్తుంది?” అన్నారు. అది మాత్రం న్యాయమైన మాటే.

అంతటితో ఆగలేదు నేను. డూప్ సంగతి తీశాను. ఒకసారి మాట్లాడినవాడు అదే బ్యాండ్ మీద మళ్లీ పిలిస్తే, “మనం మాట్లాడేశాం” అని తిప్పి పంపకూడదని క్లబ్బులో కొత్తవాళ్లకి నేర్పేది ఈయనే. అతని లాగ్‌లో మనం లేమేమో, వాదించే టైములో ఇంకోసారి రాసేసుకుంటే పోతుంది, పెనాల్టీ కూడా లేదు అంటారు. భోజనం చేసిన సంగతి మరిచి మళ్లీ బంతిలో కూర్చున్న పెద్దాయనకి మారుమాట లేకుండా ఇంకో విస్తరి వెయ్యడమే ఇది. గాలిలో ఇంత మర్యాద తెలిసినవాళ్లు ఎదురుగా మనిషి కూర్చుంటే ఎందుకంత కరుకుగా ఉంటారో నాకిప్పటికీ అర్థం కాదు.

స్క్రీన్ మాత్రం మారింది. డూప్ అయితే కాల్‌సైన్ బూడిద రంగులోకి వెళుతుంది, అంతే. ఎరుపూ ఆకుపచ్చా తీసేసి కొత్త జోన్‌కి నీలం గీత, కొత్త దేశానికి రెండు గీతలు పెట్టాను, రంగు తెలియకపోయినా గీతలు తెలుస్తాయి. ఫ్రీక్వెన్సీ కాల్‌సైన్ పక్కనే పెద్ద అంకెల్లో ఉంటుంది. టైప్ చేసిన కాల్‌సైన్ తెలిసినవాటి జాబితాలో లేకపోతే, ఎంటర్ కొట్టకముందే అనుమానమున్న అక్షరం కింద మందంగా చార పడుతుంది. జాబితాలో లేనంత మాత్రాన తప్పు కాదు, అందుకే ఆపదు, చూపిస్తుందంతే.

పెద్దాయనకి అది చాలదు. “తప్పు” అని పెద్దక్షరాలతో రావాలట, బీప్ కూడా మోగాలట. వారం వారం మెయిల్ పెడుతున్నారు, హలో కూడా ఉండదు, నేరుగా ఒకటో నంబరు నుంచి తప్పుల పట్టీ. పెద్దక్షరాల సంగతి ఆలోచిస్తానన్నాను. బీప్ మాత్రం పెట్టను. హోరులోంచి ఒక్క అక్షరం పట్టుకోవడానికి ఊపిరి బిగబట్టి వింటున్నవాడి చెవిలో నేను మోత పెడితే, ఆ అక్షరం పోతుంది. నేరుగా ఆయన మొహం మీదే చెప్పాను, ఇంజినీరు ముందే.