ఫ్రిజ్ వెనక ట్రే

తిరుపతి కపిలతీర్థంలో జలపాతం దూకుతోందని వీడియోలు పెట్టుకునే వానలివి. నిన్న ఫ్రైడే–డ్రైడే అంటూ, దోమలు పెరక్కుండా వారానికోసారి నిల్వనీళ్లు ఒంపేయమని చెప్పేదానికి మా వీధికి హెల్త్ వర్కర్ వచ్చింది. "మా ఇంట్లో మురికి యాడుందక్కా?" అన్నాను, కొంచెం విసుగ్గానే. ఆయమ్మ నేరుగా ఫ్రిజ్ వెనక ట్రే లాగి టార్చి వేసింది. నూలుపోగుల్లాంటి పురుగులు, తలకిందులుగా వేలాడతా! ఆరేళ్లుగా ఆ ఫ్రిజ్ మాదే, ట్రే ఉందనే తెలీదు.

"డెంగీ దోమకి మురుగుతో పన్లేదు సార్, మంచినీళ్లు చాలు. గుడ్డు దోమయ్యేదానికి 8–10 రోజులు. అందుకే వారానికోసారి ఒంపమనేది. ఒంపితే సరిపోదు, అంచులు రుద్దాల. అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు."

సాయంత్రం పొగ కొడితే చాలనుకునేవాణ్ణి. ఈ దోమ కుట్టేది పగలంట, పొగకి పురుగు చావదంట. పోయినేడు మా తమ్ముడి ప్లేట్‌లెట్ల కోసం ఊరంతా ఫోన్లు చేశాను. ఇట్లా గేటు తట్టినోళ్లని మాత్రం "మళ్లీ రాండి" అని పంపేశాను.

పోతా పోతా మంచినీళ్లడిగింది. బిందె మీద మూత ఉందా అని చూసి మరీ తాగింది.