ఆ వేలిముద్ర నాదే

మన టెన్త్ బ్యాచ్ రీయూనియన్ సంచికకి రాయమని కమిటీ వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు, "నాలుగొందల మాటలు చాలు, టెన్త్ పరీక్షలోలాగా అడిషనల్ షీట్లు అడక్కు" అని. సరే. నీళ్ళ ట్యాంకు గొడవ గురించి ఎలాగూ వేరేవాళ్ళు రాస్తారు, పైకెక్కింది ఎవరో మనకి తెలుసు కాబట్టి నేను నోరు మూసుకుంటా. నేను రాసేది డ్రాయింగ్ మాస్టారి గురించే.

1993 జనవరి. డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సారు లాగేసుకునేవారు కదా, ఆ రోజు మాత్రం మాస్టారు గుమ్మంలో అడ్డంగా నిలబడి "ఇవాళ ఇవ్వను సార్" అనేశారు. లోపలికొచ్చి అటెండెన్స్ కూడా తీసుకోకుండా బోర్డు మీద పెద్దగా వ.పా. అని రాసి, ఎవరో చెప్పండ్రా అన్నారు. వెనక బెంచీలోంచి మన పదిహేడో నంబరు గాడు "వట్టి పాఠం సార్" అన్నాడు, క్లాసంతా గొల్లుమంది. మాస్టారు ఏమీ అనలేదు. "వడ్డాది పాపయ్య గారు పోయార్రా, మొన్న డిసెంబర్ 30న" అని చెప్పి కుర్చీలో కూలబడ్డారు.

కాసేపయ్యాక రేకుపెట్టె తెప్పించి పాత చందమామలు బయటికి తీశారు, చేతులు కడుక్కొచ్చినవాడికే ఇస్తానన్నారు. కుళాయి దగ్గర ఆ తోపులాట, చొక్కాలకి చేతులు తుడుచుకోవడం, అందరికీ గుర్తుండే ఉంటుంది. "బొమ్మ చూడటం అయ్యాక మూల చూడండ్రా" అన్నారు. చూస్తే అట్ట మీద వ.పా., లోపల బొమ్మల్లో ఒకచోట చిత్ర, ఒకచోట శంకర్. అప్పటిదాకా బొమ్మలు వాటంతటవే అచ్చవుతాయనుకున్నాన్నేను, నిజంగా. మరి ఈ సీరియల్ రాసిందెవరు సార్ అని అడిగితే, వెతుకు అన్నారు. పేజీలన్నీ తిరగేశా, పేరు లేదు. ఆ మాంత్రికుల సీరియల్స్ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని నాకు తెలిసేసరికి 2010 వచ్చింది, అదీ ఆయన పోయారన్న వార్తలో.

అప్పట్నుంచీ ఇదే వరస. 2011లో ముళ్ళపూడి, 2014లో బాపు. బాపు పోయిన రోజు ఇంట్లో పెళ్ళి శుభలేఖ ఒకటి ఉంది, ఆయన అక్షరాలతోనే అచ్చేసింది, దాన్నే చాలాసేపు చూస్తూ కూర్చున్నా. 2020 సెప్టెంబర్లో శంకర్ గారు, 96 ఏళ్ళకి. మన గ్రూపులో అందరికంటే ముందు, చేతిలో కత్తి, భుజాన శవం ఉన్న విక్రమార్కుడి బొమ్మ పెట్టింది ఎవరనుకున్నారు, పదిహేడో నంబరు గాడే. కింద "వట్టి పాఠం కాదు సార్" అని రాశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన మాస్టారు పోయినప్పుడు మాత్రం పేపర్లో రాలేదు, గ్రూపుకే మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. మన డ్రాయింగ్ పుస్తకాల్లో మనం వంకరగా గీసిన ముక్కుల్ని ఒక్క గీతతో సరిచేసేవారు, దాని కింద మాత్రం ఎప్పుడూ సంతకం పెట్టలేదు.

నా సంగతంటారా, ఉద్యోగం బ్యాంకులోనే. కాకపోతే రాత్రిళ్ళు గీసినవాటితో పిల్లల పుస్తకాలు రెండు వచ్చాయి, మూలన బియ్యపుగింజంత నా పేరుంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చూడండి. గొప్పకి చెప్పట్లేదు, సరే కొంచెం గొప్పకే.

ఇంక అసలు విషయం. ఆ రోజు వ.పా. అట్ట మీద, సరిగ్గా ఆ అమ్మాయి చెంప మీద, తడి వేలిముద్ర పడింది గుర్తుందా? మాస్టారికి అప్పుడొచ్చింది కోపం. జోకు వేసినవాడే ఇదీ చేసుంటాడని పదిహేడో నంబరు గాణ్ణి పీరియడ్ అయ్యేదాకా బయట నిలబెట్టారు. వాడు కాదు, నేను. చేతులు సరిగ్గా తుడుచుకోలేదు.

ఒరే పదిహేడూ, ఈసారి తప్పకుండా రా. ఆ చందమామ మాస్టారి అబ్బాయి నాకిచ్చాడు, తెస్తున్నా. మరక అలాగే ఉంది.