నిపుణుల కమిటీలో నా అనుభవం: 'బహుశా' అనే మాట ఎక్కడ జారిపోతుంది

సైన్సు, టెక్నాలజీ విషయాల్లో ప్రభుత్వానికి సలహా చెప్పే కమిటీల్లో కూర్చున్నాక నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. శాస్త్రం తప్పై చెడిపోయే సలహాలు తక్కువే. కమిటీ గదిలో సరిగ్గా ఉన్న మాట మంత్రి బల్ల మీదికి చేరేలోపు మారిపోతుంది, నష్టమంతా అక్కడే.

ముందు ప్రశ్నను చదవాలి. శాఖ పంపే విధివిధానాల కాగితంలో "ఈ పురుగుమందు సురక్షితమేనా?" అని ఉంటే అలాగే తలూపకూడదు. ఎంత మోతాదు, ఎవరికి, ఎన్నాళ్లు, దేనితో పోల్చి అన్నవి లేకుండా ఆ ప్రశ్నకు శాస్త్రం దగ్గర జవాబు లేదు. ఫలానా మోతాదులో ఫలానా వయసువాళ్లకు ముప్పు ఇంత అని లెక్క చెప్పడం మన పని. అంత ముప్పును భరించవచ్చా అని తేల్చాల్సింది ప్రజలకు జవాబుదారీగా ఉన్నవాళ్లు. అందుకే మొదటి సమావేశానికి ముందే ప్రశ్నను తిరగరాసి, శాఖ చేత రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. ఆ పని చెయ్యకపోతే మూడో సమావేశానికి సగంమంది ఒక ప్రశ్నకు, మిగతా సగం ఇంకో ప్రశ్నకు జవాబు చెబుతుంటారు.

తర్వాత సభ్యుల సొంత ప్రయోజనాల వెల్లడి. పరిశోధన నిధులు, వాటాలు, పేటెంట్లు, కన్సల్టెన్సీ, కుటుంబ సభ్యుల ఉద్యోగాలు, అన్నీ రాయించాలి. లోతుగా తెలిసినవాళ్లకు ఏదో ఒక సంబంధం ఉండనే ఉంటుంది, అంతమాత్రాన పంపెయ్యక్కర్లేదు. వాళ్లు చెప్పేది విని, నిర్ణయం దగ్గర మాత్రం పక్కకు తప్పించి, ఆ సంగతి మినిట్స్‌లో రాస్తే చాలు.

అసలు కష్టం ముసాయిదా దగ్గర మొదలవుతుంది. నమూనాగా ఒక వాక్యం తీసుకుందాం: "దొరికిన 6 అధ్యయనాల్లో 4 హాని కనబడలేదన్నాయి, ఏదీ 2 ఏళ్లు దాటి సాగలేదు కాబట్టి దీర్ఘకాల ప్రభావం చెప్పలేం." సారాంశంలోకి వచ్చేసరికి "ఎక్కువ అధ్యయనాల్లో హాని కనబడలేదు" అవుతుంది. ఒక్క పేజీ నోట్‌లో "హాని లేదని నిపుణులు తేల్చారు" అయిపోతుంది. ఎవరూ అబద్ధం ఆడలేదు. తలా కాస్త కుదించారు, అంతే.

బ్రిటన్‌లో ఆవుల మెదడును దెబ్బతీసే మ్యాడ్ కౌ వ్యాధి విషయంలో జరిగింది ఇదే. జంతుశాస్త్రవేత్త రిచర్డ్ సౌత్‌వుడ్ కమిటీ 1989 ఫిబ్రవరి నివేదికలో, మనుషులకు ముప్పు ఉండే అవకాశం చాలా తక్కువ అంది. మా అంచనా తప్పైతే పర్యవసానాలు అత్యంత తీవ్రంగా ఉంటాయని కూడా అంది. ఏళ్ల తరబడి మొదటి మాటే రుజువైన సత్యంలా చెలామణీ అయింది. 1996 మార్చిలో, మనుషుల్లో బయటపడిన కొత్త మెదడు జబ్బుకు దీనితో సంబంధం ఉండవచ్చని ప్రభుత్వమే ప్రకటించాల్సి వచ్చింది.

మాట ఇలా మారిపోకుండా నేను నమ్మే మందు మూడు పనులు. సారాంశం కమిటీయే రాయాలి, సచివాలయానికి వదలకూడదు. హెచ్చరికను వేరే పేరాలో పెట్టకుండా, తేల్చిన మాట ఉన్న వాక్యంలోనే ఇరికించాలి. అప్పుడు దాన్ని కత్తిరిస్తే వాక్యమే కుంటుతుంది. 'బహుశా', 'చాలావరకు' లాంటి మాటలకు అంకెలు కట్టాలి. వాతావరణ మార్పుల మీద పనిచేసే ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ నివేదికల్లో 'లైక్లీ' (జరగవచ్చు) అంటే కనీసం 66 శాతం అవకాశం, 'వెరీ లైక్లీ' (జరిగే అవకాశం చాలా ఎక్కువ) అంటే కనీసం 90 శాతం, 'వర్చువల్లీ సర్టెన్' (దాదాపు ఖాయం) అంటే కనీసం 99 శాతం. ఇలా ముందే ఒప్పుకోకపోతే ఒకే మాటను ఒక సభ్యుడు సగానికి సగం అనుకుంటాడు, ఇంకొకరు దాదాపు ఖాయం అనుకుంటారు.

ఏకాభిప్రాయం కోసం వాక్యాన్ని అరగదీయడం నాకు ఏ మాత్రం నచ్చదు. ఒప్పుకోని సభ్యుడి అసమ్మతి నోట్‌ను కారణాలతో సహా జతపరిస్తే, నిర్ణయించేవాళ్లకు అనుమానం ఎక్కడుందో కనబడుతుంది.

పత్రికలతో, టీవీతో ఎవరు మాట్లాడాలో కూడా మొదటి రోజే ఖాయం చెయ్యాలి. ఇటలీలోని లాక్విలాలో 2009 మార్చి 31న భూకంప ముప్పు మీద నిపుణులు సమావేశమయ్యారు. ఆ సమావేశం కాకముందే ఒక అధికారి ప్రమాదమేమీ లేదన్న ధోరణిలో టీవీకి చెప్పేశారు. ఏప్రిల్ 6న భూకంపం వచ్చి 300 మందికి పైగా చనిపోయారు. 2012లో ఆ అధికారితో పాటు 6 మంది శాస్త్రవేత్తలకు శిక్ష పడింది; 2014లో అప్పీలులో శాస్త్రవేత్తలు నిర్దోషులుగా బయటపడ్డారు.

నివేదిక ఇచ్చేటప్పుడు రెండు విషయాలు రాతలో ఉండేలా చూడాలి. ఏ సిఫార్సు ఒప్పుకున్నారో, ఏది ఎందుకు తోసిపుచ్చారో శాఖ జవాబివ్వాలి. ఎలాంటి కొత్త ఆధారం వస్తే మా మాట మారుతుందో మేం రాస్తాం. ఆ ఆధారం కోసం ఏ తేదీన మళ్లీ చూడాలో, ఆ రోజు ఫైలు తెరిచే బాధ్యత ఏ పదవిలో ఉన్నవారిదో అక్కడే రాసి ఉండాలి.