చిల్లర లేని ఊరు

నిన్న రాత్రి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర వేసుకుని, కథ చెప్పుకుంటూ ఆడే ఆట)లో మావాళ్లు డ్రాగన్‌ని చంపి 3,000 బంగారు నాణేలు పట్టుకొచ్చారు. రూల్ ప్రకారం 50 నాణేలు ఒక పౌండు బరువు. అంటే 60 పౌండ్లు, దాదాపు 27 కిలోలు! ఎవరు మోయాలన్న దానిమీదే అరగంట గొడవ. తీరా పల్లెలో సత్రానికెళ్లి బంగారు నాణెం తీస్తే, సత్రం ఆవిడ (నేనే లెండి, ఆట నడిపేది నేనే) చిల్లర లేదు పొమ్మంది.

ఆట రూల్స్ పుస్తకంలో మామూలు కూలీకి రోజుకి 2 వెండి నాణేలు. ప్లేట్ కవచం 1,500 బంగారు నాణేలు. బంగారానికి పది వెండి చొప్పున, 7,500 రోజుల కూలి. 20 ఏళ్ల పైమాటే! అది ఒంటిమీద వేసుకుని మా వీరుడు గది అద్దెకి బేరమాడుతున్నాడు.

వచ్చే వారం ఊళ్లో ధరలు పెంచుతున్నా. వాళ్లకింకా చెప్పలేదు.