గసగసం గింజంత పురుగు

మొన్న జూన్‌లో న్యూజెర్సీ శాండీ హుక్ బీచ్‌కి గద్దల్లాంటి ఆస్ప్రేలని చూద్దామని వెళ్ళాం, ఇసుక దిబ్బల పక్కన గడ్డిలోంచి షార్ట్‌కట్ కొట్టా, అదే తప్పు. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే మోకాలి వెనకాల గసగసం గింజ అతుక్కున్నట్టు ఏదో నల్లగా, గోకితే రాలేదు, ఫోన్‌లో జూమ్ చేసి చూస్తే కాళ్ళు కదులుతున్నాయి! మనూళ్ళో గేదెలకి పట్టే పిడుదుల చుట్టమే, ఇక్కడ డీర్ టిక్ అంటారు, మే నుంచి జూలై దాకా ఈ పిల్ల పిడుదుల సీజన్.

అమ్మ ఫోన్‌లో కిరోసిన్ రాయరా అంది కానీ అది అస్సలు చెయ్యకూడదు, సన్న మొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని తిప్పకుండా నిటారుగా లాగాలి. ఈ పురుగు కుడితే వచ్చే లైమ్ అనే బాక్టీరియా జబ్బు ఎక్కాలంటే మామూలుగా 24 గంటల పైనే అతుక్కుని ఉండాలట, నాది నాలుగైదు గంటలే, అయినా నెల రోజులు మచ్చ వస్తుందేమో జ్వరం వస్తుందేమో అని కాలు చూసుకుంటూనే ఉన్నా. బట్టలు మాత్రం ముందు డ్రయ్యర్‌లో ఫుల్ వేడి మీద పది నిమిషాలు తిప్పి తర్వాతే ఉతికా, ఉత్త ఉతుకుడికి అవి చావవు మరి.